గౌతమీ తీరపు సరిహద్దు: అప్పగింత చట్టంలో నిందితుడి స్థానం

కొవ్వూరుకు దిగువన ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి ఒడ్డునున్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. కొవ్వూరు 1947 వరకు బ్రిటిష్ వారి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. రెండుచోట్లా ప్రజల నది ఒకటే, భాష ఒకటే. న్యాయస్థానాలు మాత్రం వేరు. అందువల్ల నిందితుల అప్పగింత అనే అంతర్జాతీయ న్యాయసమస్య డెల్టా ప్రాంతానికి ఇరుగుపొరుగు సమస్యగానే ఉండేది.

1815 మార్చి 7న బ్రిటన్, ఫ్రాన్సులు కుదుర్చుకొన్న ఒడంబడికలోని తొమ్మిదో అధికరణం దీనికి తొలి ఆధారం. ఒకరి హద్దులో న్యాయచర్య ఆరంభమై, మరొకరి హద్దులో తలదాచుకొన్న వ్యక్తిని అప్పగించాలని అది నిర్దేశించింది. నేరాలతోపాటు అప్పులు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. అభియోగానికి తగిన సాక్ష్యం ఉన్నదా అన్న పరీక్షను మాత్రం ఆ అధికరణం కోరలేదు. ఆరోపణ అబద్ధమైతే నిందితుడికి ఈ లోపమే ప్రాణాంతకం.

బ్రిటిష్ సామ్రాజ్యంలోని ప్రాంతాల మధ్య అప్పగింతకు చేసిన 1881 నాటి చట్టంలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. దాని మొదటి భాగం కింద మెజిస్ట్రేటు సాక్ష్యబలాన్ని పరిశీలించాలి. పొరుగు ప్రాంతాలను ఒక సముదాయంగా చేర్చిన రెండో భాగం కింద ఆ పరిశీలన అక్కరలేదు. వారంటు సక్రమమైనదైతే చాలు. సింగపూరు వారంట్లపై మద్రాసులో అరెస్టయిన దంపతుల విషయంలో ఈ తేడా ప్రశ్నార్థకమైంది. ఇది రాజ్యాంగంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమని మద్రాసు హైకోర్టు భావించింది. 1954 మేలో, మద్రాసు రాష్ట్రం వర్సెస్ సి.జి. మీనన్ కేసులో, సుప్రీంకోర్టు వేరే కారణంతో అదే ఫలితాన్ని నిలబెట్టింది: సర్వసత్తాక గణతంత్రమైన భారతదేశాన్ని బ్రిటిష్ ఆస్తుల సముదాయంలో చేర్చడం కుదరదు. కొవ్వూరు అప్పటికి ఆంధ్రరాష్ట్రంలో ఉన్నా, గుంటూరులో హైకోర్టు ఆ జులైలోగాని ఏర్పడలేదు. అదే సంవత్సరం నవంబరు 1న యానాం పాలన భారతదేశానికి బదిలీ అయింది.

1962 అప్పగింత చట్టం ఏడో సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు ఇరుపక్షాల సాక్ష్యాన్నీ స్వీకరించాలి. ప్రాథమికంగా కేసు రుజువు కాకపోతే నిందితుణ్ణి విడుదల చేయాలి. అభ్యర్థన సద్బుద్ధితో చేసినది కాకపోతే, 29వ సెక్షన్ కింద కేంద్రప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చు. అయితే మూడో అధ్యాయం వర్తించే దేశాల విషయంలో, 17వ సెక్షన్ కింద ధ్రువీకృత వారంటు, అప్పగింతకు తగిన నేరం ఉంటే చాలు. 1881 నాటి ద్వంద్వ ప్రమాణం ఈ విధంగా కొంతమేర కొనసాగుతూనే ఉంది.

‘నేరస్థుల అప్పగింత’ అన్న తెలుగు పదబంధమే ఈ లోపానికి అద్దం పడుతుంది. 1962 చట్టం కూడా ఆరోపణ మాత్రమే ఎదుర్కొంటున్న వ్యక్తిని ‘పరారీ నేరస్థుడు’ అన్న నిర్వచనంలోనే చేరుస్తుంది. విచారణకు ముందే నేరం నిర్ధారించే ఈ పదానికి బదులు ‘నిందితుల అప్పగింత’ అనడం సముచితం. సాక్షులకు, న్యాయవాదికి, భాషకు దూరంగా తరలించిన మనిషి తర్వాత నిర్దోషిగా తేలినా, పోయిన కాలాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. అందుకే సాక్ష్యపరీక్ష హద్దు దాటకముందే జరగాలి.