పత్రికలో పుట్టిన బొమ్మ

మన యిండ్లలో పుస్తకమునకు గల గౌరవము పత్రికకు లేదు. భాగవతమును పీటమీద నుంచి చదువుదుము. పంచాంగమును మేకునకు వ్రేలాడగట్టి యేడాది పొడవునను కాపాడుదుము. వారపత్రిక మాత్రము చదివిన మఱునాడే వంటయింటి యలమరలో డబ్బాల క్రిందికి పోవును, లేదా తూకమునకు పోవును. అందలి కథ పోయినచో రచయిత దానిని మరల పుస్తకముగా నచ్చువేయించుకొనును. కథ ప్రక్కనున్న బొమ్మ పోయినచో దానికి దిక్కెవ్వరు?

ఈ ప్రశ్న మాకు కొల్లేటి యొడ్డున నొక యింటిలో తోచినది. ఏలూరునకు దక్షిణమున, తమ్మిలేరు కొల్లేటిలో కలియు దిక్కున నున్న యొక గ్రామమునకు మేము పాత దస్తావేజుల కొఱకు పోయియుంటిమి. అటకమీది రేకుపెట్టెను దింపి చూడగా దస్తావేజులు కనబడలేదు. వారపత్రికల నుండి కత్తిరించి దారముతో కుట్టిన బొమ్మల కట్ట యొకటి కనబడెను. ఆ యింటి మామ్మగారు కోడలిగా వచ్చిన నాటినుండి కూర్చుకొన్నవట. "వఱదనీరు గుమ్మము దాటినపుడు బియ్యపు బస్తాకన్న ముందు ఈ పెట్టెనే అటక యెక్కించాను, నాయనా" అని యామె నవ్విరి. అందు చాలభాగము బాపుగారి బొమ్మలు. ఒక్కదానిపైనను తేదీ లేదు, పత్రిక పేరు లేదు. ఆ కత్తెర బొమ్మను రక్షించినది గాని దాని చరిత్రను కోసివేసినది.

బాపుగారను పేర మన మెఱిగిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 డిసెంబరు 15వ తేదీన నరసాపురమున జన్మించిరి. నరసాపురము, భీమవరము, తాడేపల్లిగూడెము మొదలగునవన్నియు 1925లో నేర్పడిన పశ్చిమగోదావరి జిల్లాలోనివి. ఆ జిల్లాకు ఏలూరు ముఖ్యపట్టణము. 2022లో ఏలూరు వేఱు జిల్లా యయ్యెను, భీమవరము పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణ మయ్యెను. బాపుగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి పట్టము పొందిరి. కాని వారి కాళ్లు న్యాయస్థానమువైపు గాక పత్రికాలయమువైపు నడచినవి. చిన్ననాటనే 'బాల' పత్రికకు బొమ్మలు వేసిరి. తరువాత ఆంధ్రవారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు'నకు రూపమిచ్చిరి. 2014 ఆగస్టు 31న చెన్నపట్టణమున కన్నుమూయు నాటికి, వారి బొమ్మ యెఱుగని తెలుగిల్లు అరుదు.

వారి గీత తేటగా నుండుటకు ప్రతిభయే కారణమని యూరకుండిన చాలదు. అచ్చుపనిని గూడ తెలిసికొనవలెను. సీసపు టక్షరముల కాలములో బొమ్మ నచ్చువేయవలెనన్న జింకురేకుమీద బ్లాకు చేయింపవలెను. నల్లసిరా గీతలు మాత్రమే గల బొమ్మను ఛాయాగ్రహణముచే రేకుపైకి దింపి, గీతలేని భాగమును ఆమ్లముచే తినిపించినచో గీత యుబ్బెత్తుగా నిలుచును. అక్షరములతోపాటు అదియు నచ్చగును. వెలుగునీడలు గల చిత్రమునకు సన్నని చుక్కల తెరద్వారా తీసిన బ్లాకు కావలెను. దానికి ఖర్చు హెచ్చు. ముతక కాగితముమీద అది యలుకుకొనిపోవును. కావున వారపత్రికకు బొమ్మలు వేయువానికి గీతయే యన్నము పెట్టునది. నాలుగు గీతలలో చీరకుచ్చెళ్ళును, అత్తగారి చూపును, వాలుకుర్చీలోని మామగారి నిద్రయు తేవలెను. ఇట్లు అచ్చుయంత్రము కోరిన పొదుపే బాపుగారి చేతిలో సొగసైనది. బొమ్మల పుస్తకము వ్రాయువా డీ సంగతి చెప్పనిచో సగమే చెప్పినవా డగును.

గోదావరి సీమలో బొమ్మకు బాపుగారికి ముందే యొక చరిత్ర గలదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహముచే దామెర్ల రామారావుగారు బొంబాయికి పోయి చిత్రకళ నభ్యసించి, తిరిగివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో నిరువదియెనిమిదవ యేట మశూచికమువాత బడిరి. వారి చిత్రములు ఆ నగరములో వారి పేరనే యున్న చిత్రశాలలో నిలిచినవి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. ఆ స్త్రీల పేరులు మన యిండ్లలో నెందఱికి తెలియును? స్త్రీవిద్యను గూర్చి యింత మాటలాడు మనము సిగ్గుపడవలసిన ప్రశ్న యిది.

కూల్డ్రే శిష్యులలో మఱియొకరు భీమవరము ప్రాంతమువారైన అడివి బాపిరాజుగారు (1895–1952). వారు చిత్రములు వ్రాసిరి, పాటలు కట్టి పాడిరి, బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షత వహించిరి, చలనచిత్రములకు కళాదర్శకులైరి. అయినను నేడు బాపిరాజుగారన్న 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలలు తలచువారే హెచ్చు. వారి చిత్రము నొక్కటి చూచినవారు తక్కువ. నవల పుస్తకమై యింటింటికి పోయినది. చిత్రము గోడకు వ్రేలాడి యొక్కచోటనే యుండిపోయినది.

బాపుగారి పని పత్రికతో ముగియలేదు. 1967లో 'సాక్షి' చిత్రముతో వారు దర్శకులైరి. దాని నధికముగా గోదావరితీరపు పులిదిండి గ్రామములోనే తీసిరి. 1973లోని 'అందాల రాముడు' కథ గోదావరిమీద పడవలో నడచును. 1975లో 'ముత్యాలముగ్గు', 1976లో 'సీతాకల్యాణము', 2011లో 'శ్రీరామరాజ్యము' వచ్చినవి. తీయబోవు దృశ్యమును ముందుగా బొమ్మలుగా గీచికొనుట వారి యలవాటు. వారపత్రికలో నాలుగంగుళముల చోటున మనుష్యుల నెక్కడ నిలుపవలెనో నేర్చిన చేయియే తెరమీదను వారిని నిలిపినది. ఆ గీచిన బొమ్మను, దానినుండి పుట్టిన దృశ్యమును ఒక పుటలో ప్రక్కప్రక్కన జూపిన పుస్తకము నూఱు ప్రశంసలకన్న మేలు.

బాపుగారి హాస్యచిత్రములు సంపుటములుగా వచ్చినవి. రమణగారి 'కోతికొమ్మచ్చి' స్వాతి వారపత్రికలో వెలువడి తరువాత పుస్తకమైనది. వా రిరువురి స్నేహమును, పనిని తెలిసికొనగోరువారికి అది మంచి యాధారము. ఇట్టి పుస్తకములు మనకు సంతోషము నిచ్చినవి. చరిత్రకు మాత్రము సంతోషము చాలదు. పారిసు పత్రికలలో వ్యంగ్యచిత్రములు వేసి, రాజును పరిహసించినందుకు 1832లో చెఱసాలకు పోయిన దోమియే యను చిత్రకారుడు సుమారు 4000 శిలాముద్రణ చిత్రములు చేసెను. అవియు పత్రికకాగితముమీది బొమ్మలే. తరువాతి పండితులు వానిని వరుసగా నమర్చి సంఖ్య లిచ్చిరి. నే డా సంఖ్య చెప్పినచో ఏ దేశమువారైనను ఏ బొమ్మయో గ్రహింపగలరు. మన బొమ్మకును ఆ మర్యాద కావలదా? ఏ పత్రిక, ఏ తేదీ, ఏ కథకు వేసినది, మూలమెంత పరిమాణము, బ్లాకుతో నచ్చైనదా, ఆఫ్‌సెటుతో నచ్చైనదా యను సంగతులు ప్రతి బొమ్మ క్రింద నుండవలెను.

నవ్వించు బొమ్మలకు ఇంత శ్రమ యెందులకని కొందఱందురు. మేము వారితో నేకీభవింపము. కట్నము బేరము, పెండ్లిచూపులు, కచ్చేరిలో గుమాస్తా, పేరంటములో చాడీలు, వీని నన్నిటిని గీతలో పట్టినవాడు మన సంసారముల చరిత్ర వ్రాసినవాడే. శాసనములలో రాజులుందురు, హాస్యచిత్రములలో మనము గలము. మనలను మనము దిద్దుకొనవలెనన్న, మన తాతలు దేనికి నవ్విరో, దేనికి నవ్వుటకు సిగ్గుపడలేదో తెలియవలెను. తేదీ లేనిచో ఆ మార్పు తెలియదు.

కావున చదువరులకు మా విన్నప మొక్కటియే. మీ యింట పాత వారపత్రికలున్నచో తూకమునకు వేయకుడు. బొమ్మ కత్తిరింపవలసివచ్చినచో దాని వెనుక పత్రిక పేరును, తేదీని వ్రాయుడు. ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరము గ్రంథాలయముల కట్టి కట్టలు చేరినచో, రేపు పుస్తకము వ్రాయువానికి పునాది యేర్పడును.

ఆనాడు మామ్మగారి కట్టలోని యొక బొమ్మను త్రిప్పి చూడగా వెనుక సగము తెగిన 'సాక్షి' చిత్రపు ప్రకటన యుండెను. మేము పెన్సిలుతో దాని యంచున '1967 ప్రాంతము' అని వ్రాసితిమి. మామ్మగారు కండ్లద్దములు పెట్టుకొని చదివి, "అయితే అప్పటికి మా పెద్దవాడు పుట్టాడు" అనిరి. పిదప మిగిలిన బొమ్మలను గూడ ఒక్కొక్కటిగా త్రిప్పి చూడసాగిరి.