డూమ్‌లో తలుపు లేదు: సాంపుల్ లెవెల్స్ వెనక కథ

గేమ్స్ తయారుచేయడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నా జవాబు ఒకటే. ముందు ఎవరో కట్టిన లెవెల్‌ని ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఈ ఎపిసోడ్ ఆ చరిత్ర గురించే.

1993 డిసెంబర్ 10. అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ డూమ్ గేమ్ విడుదల చేసింది. మొదటి ఎపిసోడ్, అంటే తొమ్మిది లెవెల్స్, ఫ్రీ. మిగతావి కావాలంటే డబ్బు కట్టాలి.

అంతకుముందు ఏడాది వచ్చిన వాళ్ల గేమ్ వోల్ఫెన్‌స్టైన్ 3డి. దాని లెవెల్స్‌ని కొందరు అభిమానులు సొంతంగా మార్చేసుకున్నారు. కాకపోతే అసలు ఫైల్స్ మీదే రాయాల్సి వచ్చేది. ఇది గమనించిన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ డూమ్‌ని రెండు ముక్కలు చేశాడు. గేమ్‌ని నడిపించే ఇంజిన్ ఒకటి. లెవెల్స్, బొమ్మలు, సౌండ్స్ ఉండే వ్యాడ్ ఫైల్ ఇంకొకటి. పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ వేరు, రీలు వేరు కదా, అలా. రీలు మారిస్తే సినిమా మారిపోతుంది.

అయితే గేమ్‌తో పాటు ఎడిటర్ ఇవ్వలేదు. ఐడీ వాళ్ల సొంత ఎడిటర్ నెక్స్ట్ అనే వేరే రకం కంప్యూటర్ల మీద నడిచేది, అవి మామూలు ఇళ్లలో ఉండేవి కావు. మరి అభిమానులు ఊరుకున్నారా? వ్యాడ్ ఫైల్‌ని బైట్ బైట్‌గా విప్పి చూశారు. రెండు నెలలు కూడా తిరక్కుండానే, 1994 జనవరిలో డీఈయూ అనే ఫ్రీ ఎడిటర్ వచ్చేసింది. దాని మీద పనిచేసినవాళ్లలో ఒకరు న్యూజిలాండ్‌లో, ఇంకొకరు బెల్జియంలో.

ఎడిటర్ దొరికింది, సరే. నేర్పేది ఎవరు? యూట్యూబ్ లేదు, కోర్సులు లేవు. గేమ్‌లో ఉన్న లెవెల్సే వాళ్లకి పాఠ్యపుస్తకం.

ఒక్క ఉదాహరణ చెప్తాను. డూమ్ మొదటి లెవెల్ పేరు హ్యాంగర్, దాన్ని కట్టింది జాన్ రొమేరో. ఆడేటప్పుడు తలుపు దగ్గరికి వెళ్లి స్పేస్ బార్ నొక్కితే అది పైకి లేస్తుంది. అదే లెవెల్‌ని ఎడిటర్‌లో తెరిచి తలుపు కోసం వెతకండి. దొరకదు! అసలు "తలుపు" అనే వస్తువే ఆ ఇంజిన్‌లో లేదు. అక్కడున్నది ఒక ఇరుకైన గది. దాని పైకప్పుని నేల దాకా దించేసి ఉంచారు. ముందున్న గీతకి 1 అనే నంబర్ ఇచ్చారు. "కప్పు లేపు, కాసేపు ఆగు, మళ్లీ దించు" అని ఇంజిన్‌కి దాని అర్థం. మనం తలుపు అనుకున్నది కదిలే కప్పు, అంతే.

ఇది తెలిసిన క్షణంలో ఏమవుతుందో ఆలోచించండి. కప్పు కదులుతుందంటే, గోడలా కనిపించే చోట రహస్య గది పెట్టొచ్చు. మనిషి మీదికి దిగే కప్పు పెట్టొచ్చు. నేలని కదిలిస్తే లిఫ్ట్ అవుతుంది. మాన్యువల్ చదివితే "1 అంటే ఇది" అని తెలుస్తుంది. లెవెల్ తెరిచి చూస్తే దాన్ని ఎక్కడ, ఎందుకు వాడారో తెలుస్తుంది.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1998లో వచ్చిన అన్‌రియల్, హాఫ్-లైఫ్ రెండూ ఎడిటర్‌ని గేమ్‌తో పాటే ఇచ్చాయి. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్-లైఫ్ మీద ఒక మోడ్ చేశారు. అదే కౌంటర్-స్ట్రైక్. మరుసటి ఏడాది వాల్వ్ కంపెనీ దాన్ని తన గేమ్‌గా మార్కెట్‌లోకి తెచ్చింది.

1996లో వచ్చిన క్వేక్‌తో ఒక చిక్కుండేది. దాని లెవెల్స్ పూర్తిగా వండేసిన రూపంలో ఉండేవి. పులిహోర తిని అందులో ఏమేం పడ్డాయో ఊహించడం వేరు, వంటింట్లో నిలబడి పోపు చూడడం వేరు కదా. 2006లో రొమేరో ఆ లెవెల్స్ అసలు సోర్స్ ఫైల్స్ బయటపెట్టాడు. అప్పుడు పోపు కూడా కనిపించింది.

2014లో అన్‌రియల్ ఇంజిన్ 4 వచ్చింది. మొదట నెలకి 19 డాలర్లు, 2015 నుంచి ఫ్రీ. దానితో పాటు కేవలం నేర్పడానికే కట్టిన లెవెల్స్ ఇచ్చారు, కంటెంట్ ఎగ్జాంపుల్స్ అని. సాలార్‌జంగ్ మ్యూజియంలో నడిచినట్టే ఉంటుంది. లైటింగ్‌కి ఒక హాలు, ఫిజిక్స్‌కి ఒక హాలు. ప్రతి స్టాండ్ మీద ఒక ఫీచర్, పక్కనే వివరణ. అభిమానులు దొంగచాటుగా విప్పి నేర్చుకున్న పద్ధతిని కంపెనీయే పాఠంగా మార్చిందన్నమాట.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పబ్‌జీ కూడా అన్‌రియల్ ఇంజిన్ 4 మీద కట్టినదే. దాని వెనకున్న బ్రెండన్ గ్రీన్ మోడ్స్ చేస్తూనే పైకొచ్చాడు. కానీ ఫోన్‌లో ఆడుతున్న మీరు ఆ మ్యాప్ తెరిచి చూడగలరా? లేదు. ఫైల్స్‌లో చెయ్యి పెడితే అకౌంట్ బ్యాన్. చీటింగ్ ఆపడానికి అది అవసరమే, కాదనను. కానీ 1994 కుర్రాడు తను ఆడే గేమ్‌నే విప్పి చూసి మేకర్ అయ్యాడు. మనకి రోజూ ఆడే గేమ్‌లోనే ఆ దారి మూసుకుపోయింది. కోట్లమంది ఆడతాం, లోపల ఏముందో చూసేది మాత్రం కొద్దిమంది. నన్ను బాధపెట్టేది ఇదే.

అందుకే ఇంకో దారి వెతుక్కోవాలి. గోడో అనే ఇంజిన్ అర్జెంటీనాలో పుట్టింది, 2014 నుంచి ఓపెన్ సోర్స్. డెమో ప్రాజెక్టులు ఫ్రీ. దాని ఎడిటర్ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది, ప్లే స్టోర్‌లో ఉంది. చిన్న స్క్రీన్ మీద పెద్ద 3డి గేమ్ కష్టమే, 2డి నేర్చుకోవడానికి చాలు.

డెమో తెరిచాక పేరు మార్చి "నా గేమ్" అని చూపించుకుంటే ఏమీ రాదు. ముందు ఆడండి. ఒక్క విషయం ఎలా పనిచేస్తుందో ఊహించండి. తెరిచి చూడండి. ఒక్క విలువ మార్చండి, ఒక్క ముక్క తీసేయండి, ఏది ఆగిపోయిందో గమనించండి. చివరికి ఖాళీ లెవెల్‌లో ఆ ఒక్కదాన్నే చూడకుండా కట్టండి. కట్టగలిగితే అది మీకు వచ్చినట్టే.

ఈ వారం మీ పని: ఏదో ఒక డెమోలో ఒక తలుపు పట్టుకోండి, అది నిజంగా తలుపేనా చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.