జపాన్ రామెన్ దుకాణం: గిన్నెలో ఏముందో తెలుసుకుని తినండి

చదువుకో ఉద్యోగానికో పిల్లల్ని జపాన్ పంపిన ఇళ్లలో రామెన్ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పొట్లం నూడుల్స్ మనకు కొత్త కాదు. అవి కూడా అక్కడివే. 1958లో మొమొఫుకు ఆందో అమ్మకానికి తెచ్చిన చికెన్ రామెన్‌తో వేడినీళ్లు పోసుకుని తినే నూడుల్స్ మొదలయ్యాయి. కానీ వీధి మూల దుకాణంలో దొరికే రామెన్‌కు, పొట్లానికి పోలిక పేరు వరకే. అక్కడ అసలు సరుకు సూప్. దుకాణం పద్ధతులు, ధర, శాకాహారికి ఎదురయ్యే చిక్కు, అన్నీ ఆ సూప్ చుట్టూనే తిరుగుతాయి.

రామెన్ మూలం చైనా గోధుమ నూడుల్స్. టోక్యోలోని అసకుసాలో 1910లో ఒజాకి కాన్‌ఇచి అనే ఆయన యొకొహామా నుంచి చైనా వంటవాళ్లను రప్పించి రైరైకెన్ అనే హోటల్ పెట్టాడు. రామెన్ జనానికి అలవాటైన కథ చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. పాత దుకాణాల బోర్డుల మీద ఇప్పటికీ ‘చూకా సోబా’ అని ఉంటుంది, అంటే చైనా నూడుల్స్ అని. పిండిలో కన్‌సుయి అనే క్షారపు నీళ్లు కలుపుతారు. మన వంటసోడాకు దగ్గరి చుట్టమే. నూడుల్స్‌కు ఆ పసుపు రంగు, సాగే గుణం దాని వల్లే వస్తాయి.

ఇక గిన్నె సంగతి. అడుగున ముందుగా ‘తారె’ అనే ఉప్పటి సారం పోస్తారు. షోయు అంటే సోయా సాస్, షియో అంటే ఉప్పు, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. దాని మీద వేడి సూప్, కొంచెం వాసన నూనె, ఉడికించిన నూడుల్స్, ఆపైన పంది మాంసం ముక్కలు (చాషూ), వెదురు మొలకలు, ఉల్లికాడలు, కోడిగుడ్డు. మెనూలో ‘షియో రామెన్’ అని చూసి ఉప్పు నీళ్లేగా అనుకుంటే పొరపాటే. ఆ పేరు తారెది, సూప్‌ది కాదు. సూప్ కోడి ఎముకలది కావచ్చు, పంది ఎముకలది కావచ్చు, రెండూ కలిపిందీ కావచ్చు. ఫుకుఒకా వైపు ప్రసిద్ధమైన తొంకొత్సు అయితే పంది ఎముకల్ని గంటల తరబడి తెర్లించి, కొవ్వు విరిగి పాలలా తెల్లబడేదాకా కాస్తారు. నిబొషి అనే ఎండు చేపలతో కాచేవీ ఉన్నాయి. అవి ఎక్కువగా నెత్తళ్ల జాతివే కాబట్టి యానాం, గంజాం తీరంవాళ్లకు ఆ వాసన కొత్తగా ఉండదు.

శాకాహారులు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ‘యసాయి రామెన్’ అంటే కూరగాయల రామెన్. పైన క్యాబేజీ, మొలకలు గుట్టగా ఉంటాయి, కింద సూప్ మాత్రం ఎముకలదే. మాంసం వద్దంటే పైనున్న ముక్కలు తీసి ఇస్తారు తప్ప సూప్ మార్చలేరు, అది పొద్దుటి నుంచి ఒకే పెద్ద గిన్నెలో కాగుతున్నది. మన పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క లాంటి తప్పనిసరి గుర్తు అక్కడ లేదు. ‘నికు మో సకానా మో దాషి మో దమే దెసు’ అంటే మాంసం, చేప, వాటి సారం కూడా కుదరవని చెప్పినట్టు. దాషి అన్న మాట వదిలేయకండి, చేప సారాన్ని అక్కడ చేప తిన్నట్టు లెక్కవేయరు. చిన్న దుకాణంలో ఈ మాటకు వచ్చే జవాబు చాలాసార్లు ‘కుదరదు’ అనే. అది మర్యాద లేక కాదు, నిజం చెప్పడం. పూర్తి శాకాహార రామెన్ కోసం దానికే పేరున్న చోటికి వెళ్లడం నయం. టోక్యో స్టేషన్ లోపలి టీస్ తాంతాన్ అలాంటిదే. పంది ఒక్కటే వద్దనుకునేవాళ్లు హలాల్ రామెన్ దుకాణాలు వెతుక్కోవచ్చు. కోడి సూప్ అని రాసి ఉన్నా పైన వేసే ముక్క, నూనె పందివి కావచ్చు, అడగండి.

దుకాణం పద్ధతి బెంగళూరు దర్శినిలకు అలవాటుపడినవాళ్లకు వింతగా ఉండదు. ముందు డబ్బు, తర్వాత తిండి. గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంటే దుకాణం తెరిచినట్టు. సూప్ అయిపోతే వేళ కాకముందే తెర తీసేసే చోట్లూ ఉన్నాయి. లోపల మెషీన్‌లో డబ్బు వేసి బొత్తం నొక్కితే టికెట్ వస్తుంది. బొత్తాల మీద జపనీసే ఉంటే పై వరుస ఎడమ మూల చూడండి, ఆ దుకాణం పేరుమోసిన వంటకం సాధారణంగా అక్కడే ఉంటుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి, పాత మెషీన్లు కార్డులు తీసుకోవు. బల్ల ముందు ఎనిమిదో పదో సీట్లు, ఎదురుగానే వంట. మనిషికో గిన్నె చెప్పడం పద్ధతి, ఒకటి తెప్పించుకుని ముగ్గురు పంచుకోవడం బాగుండదు. జుర్రున పీల్చుకుని తినడం తప్పు కాదు, వేడి నూడుల్స్‌కు అదే వీలు. హకాతా తరహా దుకాణాల్లో నూడుల్స్ అయిపోతే ‘కాయెదామా’ అంటే మరో ముద్ద వేస్తారు, అందుకని సూప్ కొంత మిగుల్చుకోవాలి. తినగానే లేవాలి. కబుర్లకు ఇది చోటు కాదు, బయట వరుసలో మనుషులుంటారు.

ఇంత తొందర ఎందుకంటే లెక్క అలాంటిది. గిన్నె 1,000 యెన్లు (దాదాపు 550–600 రూపాయలు) దాటితే జనం రారని అక్కడ పాత నమ్మకం, దాన్ని ‘వెయ్యి యెన్ల గోడ’ అంటారు. గోధుమ, పంది మాంసం, గ్యాస్ ధరలు పెరిగినా చిన్న యజమాని ఆ గోడ దాటడానికి జంకుతాడు. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాక వాటిని తీసుకునే టికెట్ మెషీన్ ఖర్చు మరొకటి తోడైంది. ఆ ఏడాది రామెన్ దుకాణాల దివాళాలు రికార్డు స్థాయికి వెళ్లాయి. ఊరూరా కనిపించే గొలుసు దుకాణాలు తట్టుకుంటాయి. మొగుడూ పెళ్లాం నడుపుకునే ఎనిమిది సీట్ల దుకాణానికే కష్టం.

బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఒక మాట. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, సూప్ చివరిదాకా తాగితే ఒక్క గిన్నెతోనే అది దాటిపోవచ్చు. నూడుల్స్ తిని సూప్ వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు. గిన్నెను బల్ల మీది గట్టున పెట్టి, ‘గొచిసోసామా’ అని వచ్చేయండి. టిప్పు ఇవ్వకండి, తీసుకోరు.