లైపోజోమ్: అంగడి ముందు, ఔషధం వెనుక

ముఖానికి రాసుకునే క్రీము డబ్బాపై ‘లైపోజోమ్’ అన్న మాటను మీరు చూసే ఉంటారు. దాని చరిత్ర తెలుసుకోదగినది.

1960వ దశకం ఆరంభంలో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన గల బాబ్రహాంలో అలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును నీటిలో కలిపి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించారు. కొవ్వు అణువులు తమంతట తామే పొరలుగా చుట్టుకొని, నీటిని లోపల బంధించిన సూక్ష్మమైన బుడగలై కనిపించాయి. మన కణాల పైపొర నిర్మాణమూ ఇటువంటిదే. నీటిలో కరిగే మందును బుడగ లోపల, కొవ్వులో కరిగే మందును దాని గోడలో ఇమడ్చవచ్చునని తరువాత తేలింది.

1986లో ఫ్రాన్సుకు చెందిన డియోర్ సంస్థ ‘కాప్చర్’ పేరుతో లైపోజోమ్ లేపనాన్ని విపణిలోకి తెచ్చింది. లైపోజోమ్‌లో ఇమిడ్చిన క్యాన్సర్ మందు డాక్సిల్‌కు అమెరికాలో అనుమతి లభించినది మాత్రం 1995లో. మందు తన గుణాన్ని రుజువు చేసుకోవాలి. సౌందర్య లేపనానికి అంత కఠినమైన పరీక్ష లేదు.

లైపోజోములలో అధికభాగం చర్మపు మృతకణాల పొరను చెక్కుచెదరకుండా దాటలేవు. అక్కడే విడిపోయి, పైపొరలకు తేమను, తాము తెచ్చిన పదార్థాన్ని కొంతవరకు అందిస్తాయి. ఆ మేలు నిజమే. కానీ బండి పేరు చూసి సరుకును నమ్మకండి. స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చు. దానిపై లేపనాలు పూస్తూ కాలం గడపక, వెంటనే వైద్యునికి చూపించండి.