ఎ కాదు, బి కాదు

వైద్య విద్యార్థులకు అంటువ్యాధుల పాఠం చెప్పిన రోజుల్లో, హెపటైటిస్ దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసి ఢిల్లీ కథ ఎత్తుకునేవాణ్ణి. 1955లో వరదలకు యమున పాయ జరిగి, నజఫ్‌గఢ్ కాలువ మురుగు తాగునీటిలోకి వెనక్కి తన్నింది. నీటి సరఫరావాళ్లు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు. కామెర్లు మాత్రం సుమారు 29,000 మందికి వచ్చాయి. హెపటైటిస్-ఎ అనుకున్నారంతా. మన దేశంలో అది చిన్నప్పుడే వచ్చిపోతుంది కదా, పెద్దవాళ్లింతమంది ఎందుకు పడ్డారు?

జవాబు కశ్మీర్‌లో మొదలైంది. 1978 చలికాలంలో డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ పల్లెల వెంట పడ్డాడు. 16,620 మంది జనాభాలో 275 కామెర్ల కేసులు లెక్కతేల్చాడు. ఎక్కువగా యువతీయువకులే. నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాంతకమైంది. రక్తంలో ఎ లేదు, బి లేదు. నీటి ద్వారా వచ్చే మరో వైరస్ ఉండొచ్చని 1980లో రాశాడు. ఢిల్లీ రోగుల నుంచి తీసి దాచిన రక్తద్రవాన్ని పరీక్షిస్తే, అదీ ఎ కాదని అదే ఏడు తేలింది.

1983లో రష్యా శాస్త్రవేత్త బాలయాన్, రోగుల మలం నుంచి తీసిన ద్రావణం తానే తాగి, కామెర్లు తెచ్చుకుని, తన మలంలోనే వైరస్ కణాలు చూపించాడు. పిల్లలకు ఆ సాహసమే గుర్తుండిపోయేది. నా ఓటు మాత్రం మంచులో ఇల్లిల్లూ తిరిగిన ఖురూకే.

ఆ వైరసే హెపటైటిస్-ఇ. మన సార్వత్రిక టీకాల పట్టికలో బికి చోటుంది, ఇకి లేదు. గర్భిణికి కళ్లు పచ్చబడితే పసరుమందుకు తిప్పకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.