రెండు పండ్లు, రెండు గీతలు

9 మాదీఫలములకును 7 వెలగపండ్లకును కలిపి వెల 107. 7 మాదీఫలములకును 9 వెలగపండ్లకును కలిపి వెల 101. అయినచో ఒక్కొక్క పండు వెల యెంత? శ్రోతలు కాగితమును, పెన్సిలును దగ్గర నుంచుకొనిరేని ఈ ప్రసంగము సగము గడవకముందే జవాబు వారి చేతికి వచ్చును.

ఈ లెక్క నేటి పాఠ్యపుస్తకములో నుండి తీసినది కాదు. సుమారు 850వ సంవత్సరమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలములో, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున రచించిన ‘గణిత సార సంగ్రహము’ లోనిది. ఆయన చెప్పిన మార్గమిది. పెద్ద వెలను పెద్ద సంఖ్యతోను, చిన్న వెలను చిన్న సంఖ్యతోను గుణింపవలెను. 107ను 9తో గుణించిన 963, 101ని 7తో గుణించిన 707; వీని భేదము 256. పండ్ల సంఖ్యల వర్గములు 81, 49. వాని భేదము 32. 256ను 32తో భాగింపగా వచ్చిన 8 మాదీఫలము వెల. గుణకములను తారుమారు చేసి, 909 నుండి 749 తీసివేసి, మిగిలిన 160ని అదే 32తో భాగించిన 5 వచ్చును. అది వెలగపండు వెల. ఒక అవ్యక్తమును తొలగించి రెండవదానిని పట్టుకొనుటయని బడిపిల్లలు నేడు నేర్చుకొనుచున్నది ఇదియే. ఇందులో అక్షరములు లేవు, అంతే భేదము. చీనా దేశమువారి ‘తొమ్మిది అధ్యాయముల’ గణిత గ్రంథములో ఇట్టి లెక్కలకు అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే ఒక అధ్యాయము కలదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అను పందెము మాకు అంత రుచింపదు. సంతలో బేరము చేయువారు ఉన్న ప్రతి దేశమునను ఈ చిక్కు పుట్టియే తీరును గదా!

మనకు ముఖ్యమైనది మరియొకటి. ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఊరి పేరే ఇంటిపేరైనది. రాజరాజ నరేంద్రుడు పిఠాపురము చేరువనున్న నవఖండవాడను మల్లనకు దానమిచ్చినట్లు గ్రంథములోనే కలదు. ఆ మల్లన గ్రంథకర్తయా, లేక గ్రంథకర్తకు తాతయా అను విషయమున పండితులలో భేదాభిప్రాయములున్నవి. తాత మల్లనయే కవి యైనచో ఆయన నన్నయకు సమకాలికుడు. మనుమడైనచో రెండు తరములు దిగువకు రావలెను. ఎట్లైనను, భారతమును తెనిగించుట కారంభించిన అనతికాలమునకే మన భాష లెక్కలు చెప్పుటకు కూడ పూనుకొనెనన్నమాట నిజము. మల్లన కేవలము అనువాదకుడు కాడు. మూలములోని జైన ప్రసక్తులకు బదులు శివుని నిలిపెను. కొన్ని చోట్ల కుదించెను, కొన్ని చోట్ల పెంచెను, తన ఉదాహరణములను చేర్చెను. గణితము తెలుగులో ఇముడునా అని నేడు సందేహించువారు ఆయన పద్యములను ఒకమారు తిరుగవేసిన బాగుండును.

ఇది వినోదము కొరకు వ్రాసిన పుస్తకము కాదు. పొలము కొలుచుట, ధాన్యము రాశిని అంచనా కట్టుట, వడ్డీ లెక్కించుట, పాలు పంచుట, ఇవి గ్రామ జీవనమునకు ప్రాణములు. త్రైరాశికములో ఒక్క గుణకము తప్పిపోయినచో రైతు శిస్తు పెరుగును. చదువురాని రైతు దానిని పట్టుకొనలేడు. లెక్క తెలిసిన చేతికి ఊరిలో ఎంత బలముండెడిదో, ఆ బలము ఎన్నిమార్లు దుర్వినియోగమైనదో మన పెద్దలందరికిని తెలియును. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామ కరణముల వంశపారంపర్యపు పదవులను రద్దు చేసినది. పదవులు పోయినవి గాని లెక్క వచ్చినవానికిని రానివానికిని నడుమ నుండు అంతరము పోలేదు.

ఇక గీతల మాట. 1637లో ఫ్రెంచివాడైన డెకార్టు తన జ్యామితి గ్రంథమున సమీకరణమునకును రేఖకును చుట్టరికము కలిపెను. అడ్డముగా మాదీఫలము వెలను, నిలువుగా వెలగపండు వెలను గుర్తించుకొందము. మొదటి బేరము ఒక సరళరేఖ, రెండవ బేరము మరియొక సరళరేఖ. రెండును ఖండించుకొను చోటు, అడ్డముగా 8, నిలువుగా 5. ఇప్పుడు రెండవవాడు 18 మాదీఫలములను, 14 వెలగపండ్లను 214కు కొనెననుకొనుడు. అది మొదటి బేరమునకు రెట్టింపు మాత్రమే. గీతపై గీత పడినది, క్రొత్త సమాచారము సున్న. అవే పండ్లు 215కు కొనెనన్నచో గీతలు ఎన్నటికిని కలియవు. ఇద్దరిలో ఒకరి మాట అబద్ధము కావలెను, లేదా వెల మారి యుండవలెను. అభ్యాసము చేయు పిల్లలు ఈ మూడవ సందర్భమును చూచి లెక్క తప్పని పుస్తకము మూయుదురు. కాని లెక్కలో మిక్కిలి రుచికరమైన ఘట్టము అదియే.

ఇంజనీరునకు సరళరేఖ యెట్టి సేవ చేయునో దక్కను భూములే చూచినవి. కర్నల్ లాంబ్టన్ 1802లో చెన్నపట్నము దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిచి మహా త్రికోణమితీయ సర్వే నారంభించెను. 1815లో నిజాము రాజ్యములో బీదరు దగ్గర మరియొక రేఖను కొలిపించెను. ఎండకు ఉక్కు సాగును. వేడిమి ఎంత పెరిగినచో పొడవు అంతకు తగినట్లు పెరుగును. ఇది శుద్ధ సరళరేఖా సంబంధము. పది సెంటీగ్రేడు డిగ్రీలకు నూరడుగుల గొలుసు అంగుళములో ఏడవ వంతు సాగును. చాల స్వల్పముగా కనబడును. కాని ఏడున్నర మైళ్లకు అది అయిదడుగులకు కొంచెము తక్కువగా తేలును! అందుచేతనే గొలుసు ప్రక్కన ఉష్ణమాపకములు పెట్టి ప్రతి కొలతను సరిదిద్దిరి. 1823లో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ మరణించువరకు ఆ దిద్దుబాట్లు సాగుచునే యున్నవి.

నేడు కొండాపూరు రహదారిపై నిలిచి చూచిన హైటెక్ సిటీ మేడలు కనబడును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పెరిగిన నగరభాగమిది. ఆ మేడలలోని యంత్రములు వేలకొలది అవ్యక్తములతో కూడిన సమీకరణములను క్షణములో సాధించును. పద్ధతి మాత్రము తొలగింపు పద్ధతియే. క్రింద రోడ్డుపై కారు కొరకు నిరీక్షించు యువకునకు చిన్న లెక్క చాలును. ఒక బండివాడు ఎక్కగానే 50 రూపాయలు, పిమ్మట కిలోమీటరుకు 15 అడుగుననుకొందము. మరియొకడు 80, కిలోమీటరుకు 12. దూరము పది కిలోమీటర్లైనచో ఇద్దరికిని 200. అంతకు తక్కువైన మొదటివాడు చౌక, ఎక్కువైన రెండవవాడు. అయితే వాన పడగానే, రద్దీ పెరుగగానే కిలోమీటరు వెలనే మార్చు బండ్లును ఉన్నవి. అప్పుడు గీత అదే వాలుతో సాగదు, మధ్యలో విరిగి క్రొత్త వాలు పట్టును. పై జవాబు ఆ బండ్లకు వర్తింపదు, ఆ విరిగిన చోటి నుండి లెక్క మరల మొదలు పెట్టవలసియుండును.