మాట ఎవరిది, రాత ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు మా తప్పు చెప్పుకొని మొదలుపెడతాం. ఆ మధ్య జువ్వలదిన్నెలో మా యువజన సంఘం మీటింగు జరిగింది. ఇళ్ల పట్టాల అర్జీలో ఎవరి పేర్లు ముందు రాయాలి అన్నది విషయం. ఒక అక్క లేచి "ఈ పేర్లు ఎవరు ఏరారు? ఏ లెక్కన ఏరారు?" అని అడిగింది. అప్పటికే పొద్దు పోయింది. మాలో ఒకరు "అదంతా తర్వాత చూద్దాంలే అక్కా, కూర్చో" అన్నారు. మిగతావాళ్లం నోరు మెదపలేదు. చివర్లో మినిట్స్ పుస్తకంలో "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని రాసి, వచ్చినోళ్లందరి చేత సంతకాలు, వేలిముద్రలు వేయించాం.

మర్నాడు పుస్తకంలో ఏం రాశారో ఎవరో చదివి చెప్తే ఆ అక్క మా దగ్గరికొచ్చింది. "నేను ఒప్పుకున్నానని ఎవరు చెప్పారు? నాకు చదవను రాదని నా వేలితోనే నా మాట కొట్టేశారు గదా" అంది.

మా దగ్గర జవాబు లేదు. సభ నడిపింది మేమే, మాట ఆపింది మేమే, రాసింది మేమే. ఇదే పని మన తాత ముత్తాతల మీద ఎంత పెద్ద ఎత్తున జరిగిందో పుస్తకాల్లో చదివి కోపం తెచ్చుకున్నోళ్లం కూడా మేమే. అందుకే ఆ చరిత్రని ఇంకోసారి తిరగేశాం. ఈసారి మనకు జరిగిన అన్యాయం ఏంటి అని మాత్రమే కాదు, అది ఏ పద్ధతిలో జరిగింది అని చూశాం.

మా రెవెన్యూ డివిజన్ కేంద్రం కావలి. బ్రిటిష్ వాళ్ల కాలంలో అక్కడ ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్మెంటు ఉండేది. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్లు దాన్ని నడిపారు. మా బోగోలు మండలంలోని కప్పరాళ్లతిప్ప పేరు కూడా ఆ సెటిల్మెంట్ల చరిత్రలోనే వస్తుంది. వీటి వెనకున్నది క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. 1871లో ఉత్తరాదిలో మొదలైన ఆ చట్టం 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1924లో మళ్లీ ఒకసారి దాన్ని కూర్చి రాశారు. మన యానాదులను కూడా అది వదల్లేదు.

ఆ చట్టం క్రూరమైనదని మనందరికీ తెలుసు. అది ఎట్టా పనిచేసిందో దగ్గరగా చూడండి. ఒక తెగ మొత్తం నేరాలకు అలవాటు పడిందని నమ్మడానికి కారణం ఉందని ప్రభుత్వం అనుకుంటే చాలు, నోటిఫికేషన్ ఇచ్చేస్తుంది. ఆ తెగ వాళ్లని పిలిచి "మీరేమంటారు?" అని అడగాల్సిన పని లేదు. తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ రిజిస్టర్ తయారు చేయిస్తాడు. ఫలానా రోజు, ఫలానా చోటికి వచ్చి పేర్లు, వివరాలు చెప్పండి అని నోటీసు వస్తుంది. వేలిముద్రలు తీసుకుంటారు. రిజిస్టర్ పోలీసు సూపరింటెండెంట్ దగ్గర ఉంటుంది.

నా పేరు తప్పుగా ఎక్కింది అని ఎవరైనా అనుకుంటే? చట్టంలో దానికీ ఒక సెక్షన్ ఉంది. జిల్లా మేజిస్ట్రేటుకే మొర పెట్టుకోవాలి. ఆయన తనకు తోచినట్టు పేరు ఉంచొచ్చు, కొట్టేయొచ్చు. అంటే రాయించిన చెయ్యే ఫిర్యాదు వినే చెవి. సరే, అసలు మా తెగ మీద ఇచ్చిన నోటిఫికేషనే చెల్లదు అని కోర్టుకు పోదామంటే, ఆ ప్రశ్న ఏ కోర్టూ వినకూడదని ఆ చట్టమే రాసిపెట్టింది.

ఇందులో నాలుగు విషయాలు గుర్తు పెట్టుకోండి. ముందుగా చెప్పలేదు, మాట వినలేదు. ఒక్కొక్కరికీ కారణం చూపించలేదు. రాయించినోడే తీర్పరి అయ్యాడు. పైన ఇంకో తలుపు లేదు. సెటిల్మెంట్లలో హాజరు పిలుపులు, బయటికి పోవాలంటే పాసు కాయితాలు, ఇవన్నీ ఆ నాలుగింటి మీద కట్టినవే.

నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మధ్య జీవితమంతా పనిచేశారు. ఈ చట్టం పోవాలని పోరాడినోళ్లలో ఆయన ఒకరు. 1962లో మన మీద 'ది యానాదీస్' అనే పుస్తకం తెచ్చారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటి సంగతి చూడ్డానికి 1949లో అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కమిటీ వేశారు, రద్దు చేయమని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. డీనోటిఫైడ్ తెగలోళ్లు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకునేది అందుకే. అయితే వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, అనుమానం మాత్రం మన వెంటే నడిచింది.

ఇదంతా తెల్లోళ్ల పని అని ఊరుకోడానికి లేదు. మన తీరంలోనే చూడండి. మత్స్యకార పల్లెల్లో దురాయి అనే మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరి కాపులు కూర్చుని కట్టుబాటు పెడతారు. ఫలానా రోజు వేటకు పోకూడదు, ఫలానా వల వాడకూడదు, తప్పితే జరిమానా. ఇందులో మంచి ఉంది. కట్టుబాటు ఏంటో ఊరందరికీ తెలుస్తుంది. సముద్రం మీద గొడవలు కోర్టు దాకా పోకుండా తీరతాయి. లోటు కూడా ఉంది. ఆ కూర్చునే చోట ఆడోళ్లు ఉండరు. కాలవల్లో చేతులతో రొయ్యలు, పీతలు పట్టుకునే మనోళ్లకి అక్కడ కూర్చునే చాప వేయరు. నీళ్లు అందరివే, కట్టుబాటు అందరి మీదా, మాట మాత్రం కొందరిది.

ఇక ఢిల్లీకి పోదాం. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ మొదలైంది. రాజేంద్ర ప్రసాద్ గారు అధ్యక్షుడు. అదే నెల 19న జైపాల్ సింగ్ ముండా లేచి మాట్లాడారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టు కెప్టెన్ ఆయనే. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పడం కాదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అనే అర్థం వచ్చేలా చెప్పారు. తర్వాత 1947 జనవరిలో సలహా సంఘం సభ్యుల జాబితా వచ్చినప్పుడు అందులో ఆదివాసీ మహిళ ఒక్కరూ లేరని ఎత్తి చూపారు.

ఆ సభలో ఆయన అడిగినవన్నీ జరగలేదు. చాలా విషయాల్లో ఓడిపోయారు. అయినా ఈరోజు జువ్వలదిన్నెలో కూర్చుని ఆయన మాట మేము చదవగలుగుతున్నాం. ఎందుకంటే సభలో ఎవరేం మాట్లాడారో మాట మాటా రాశారు, అచ్చు వేశారు. ఓడిపోయిన వాదన కూడా పుస్తకంలో ఉంది. "సభ్యులందరూ ఆమోదించారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుని ఉంటే, జైపాల్ సింగ్ అనే మనిషి ఏం అడిగాడో మనకు తెలిసేదే కాదు. మా మినిట్స్ పుస్తకం గుర్తొచ్చి మాకు సిగ్గేసింది ఇక్కడే.

ఇప్పటి కాలానికొద్దాం. మన తీరంలో కృష్ణపట్నం పోర్టొచ్చింది, కరెంటు ఫ్యాక్టరీలొచ్చాయి, మా ఊళ్లో ఫిషింగ్ హార్బరు కట్టారు. పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. దానికి నియమాలు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో ఉన్నాయి. టెంటు కింద కుర్చీలు, పోలీసులు, మైకు అని మాత్రమే మనోళ్లకి తెలుసు. నియమాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది.

సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటించాలి, అందులో ఒకటి స్థానిక భాష పేపరు అయ్యుండాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గానీ సభ నడపాలి. కంపెనీవాడు నడపడానికి లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో సభ సారాంశాన్ని అక్కడి భాషలో అందరికీ చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. జనం అడిగినవి, కంపెనీ చెప్పిన జవాబులు రాసి పంచాయతీ ఆఫీసులో కూడా పెట్టాలి.

ఇవన్నీ ప్రతి చోటా సరిగ్గా జరుగుతున్నాయని మేము అనడం లేదు. కానీ నియమం రాసి ఉంటే, తప్పినప్పుడు వేలు చూపించి అడగొచ్చు. 2020లో ఈ నోటిఫికేషన్‌ని మార్చడానికి కేంద్రం ముసాయిదా తెచ్చింది. ఆ 30 రోజుల్ని 20 చేద్దామన్నది అందులో ఒకటి. ముసాయిదాని ఇంగ్లీషు, హిందీల్లోనే పెట్టారు. అందరి మీదా పడే నియమాన్ని అందరి భాషల్లో పెట్టొద్దా అని ఒకాయన కోర్టుకు పోతే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న చెప్పింది. అభిప్రాయాలు చెప్పే గడువు ఆగస్టు 11 దాకా పెరిగింది.

సభ సరిగ్గా జరిగితే ఏమవుతుందో ఒడిశాలోని నియంగిరి చూపించింది. వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జులై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో, జిల్లా జడ్జి స్థాయి అధికారి కళ్ల ముందు సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు తమ భాషలోనే మాట్లాడారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం తవ్వకానికి అనుమతి నిరాకరించింది.

మనకో చిక్కు ఉంది. నెల్లూరు జిల్లా ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. అందుకే 1996 పెసా చట్టం మన తీరానికి వర్తించదు. రాష్ట్రంలో పెద్ద గిరిజన తెగల్లో ఒకటైనా మన యానాదులకు ఆ గ్రామసభ బలం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూలు ప్రాంతం బయట కూడా పనిచేస్తుంది. అందులో గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కుదరకపోతే జిల్లా కమిటీకి పోవచ్చు. తిరస్కరిస్తే కారణం చెప్పాలి. 1911 చట్టం పక్కన దీన్ని పెట్టి చదవండి. అప్పట్లో మూసిన తలుపులు ఏవో, ఇప్పుడు తెరిచినవి ఏవో తెలిసిపోతుంది. ఆ తలుపులు వాటంతటవే తెరుచుకోలేదు, తట్టీ తట్టీ మనలాంటోళ్ల చేతులు వాచిపోయాయి.

మళ్లీ మా మీటింగు దగ్గరికొస్తాం. మేము కలెక్టర్లం కాదు, కమిటీలం కాదు. మాది పాతిక ముప్పై మంది సంఘం. అయినా మా చేతిలో ఒక పుస్తకం, ఒక స్టాంపు ప్యాడు ఉన్నాయి. వాటితో ఏం చేయొచ్చో ఆ అక్క మాకు చూపించింది.

తర్వాతి మీటింగులో పాత మినిట్స్ గట్టిగా చదివాం. "ఏకగ్రీవంగా" అన్న మాట కొట్టేసి, పక్కన ఆ అక్క అడిగిన ప్రశ్న ఆమె మాటల్లోనే రాశాం. ఎవరి ఇల్లు ఎట్టా ఉంది, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు అన్న లెక్క అందరి ముందు పెట్టి పేర్లు మళ్లీ చూశాం. రెండు పేర్లు కిందికి పోయాయి, అందులో ఒకటి మాలో ఒకరి చిన్నాన్నది. ఇంట్లో గొడవైంది, ఇంకా తీరలేదు.

కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టుకున్నాం. మీటింగు విషయం వారం ముందే అందరికీ చెప్పాలి. ఎవరి మాటైనా ఆపితే ఎందుకు ఆపామో అక్కడే చెప్పాలి, పుస్తకంలో రాయాలి. చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకోకూడదు. సభ నడిపినోళ్ల మీద ఫిర్యాదు వస్తే ఆ సభ నడపని ముగ్గురు వినాలి, అందులో ఒకరైనా ఆడోళ్లు ఉండాలి. ఇవి గోడ మీద రాసిపెట్టాం, చదవను రానోళ్లకి ప్రతి మీటింగు మొదట్లో చెప్తున్నాం.

మీ ఊళ్లో, మీ హాస్టల్లో, మీ సంఘంలో మినిట్స్ పుస్తకం ఎవరి దగ్గర ఉంది? ఆఖరిసారి దాన్ని అందరికీ వినపడేలా చదివింది ఎప్పుడు? ఒకసారి అడిగి చూడండి. ఆ అక్క ఇప్పుడు ప్రతి మీటింగుకీ ముందే వచ్చి కూర్చుంటోంది. రాసింది చదివేదాకా ఎవరినీ వేలు పెట్టనియ్యడం లేదు.

జోహార్.